సర్కారు తుమ్మతో ఉపాధి: అసలు పని రంపానికీ ఉలికీ మధ్యన ఉంది

సర్కారు తుమ్మను నరికి, ఆ కర్రతో బల్లలూ పీటలూ చేయించి, పల్లెల్లో పని పుట్టించాలన్న ఆలోచన ఎవరికైనా వినగానే నచ్చుతుంది. పనికిరాని చెట్టు పోతుంది, పనికొచ్చే వస్తువు వస్తుంది, నలుగురికి కూలి దొరుకుతుంది. అయినా ఇలాంటి పథకాలు చాలావరకు కొన్నాళ్ళకే మూలపడతాయి. లోపం ఆలోచనలో ఉండదు, పని వరసలో ఉంటుంది. ముందు యంత్రాలు కొంటారు. తర్వాత కుర్రాళ్ళకు శిక్షణ పెడతారు. అంతా అయ్యాక కలప కోసం వెతుకుతారు. అప్పుడు దొరికేది మొన్న నరికిన పచ్చి దుంగే. దాంతో చేసిన బల్ల కొన్నవాళ్ళింట్లో మూడు నెలలకు కీళ్ళు వదులవుతుంది, ఆరు నెలలకు కింద పసుప్పచ్చటి పొడి రాలుస్తుంది. రెండో బల్ల కొనడానికి ఎవరూ రారు.

నా వాదన ఇది. ఈ కలపలో ఉన్న ఉపాధిలో పెద్ద భాగం నరకడంలోనూ లేదు, నగిషీలోనూ లేదు. ఏరడం, కోయడం, మందులో ముంచడం, ఎండబెట్టడం అనే నడిమి పనుల్లో ఉంది. ఎవరి కంటికీ ఆనని ఈ పనులకే ముందు డబ్బూ మనుషులూ స్థలమూ కేటాయించాలి. ఇంకో మాట కూడా ఉంది. చెట్టును తొలగించే కూలి కలప అమ్మకం మీద ఆధారపడకూడదు. అలా ఆధారపడ్డ చోట చెట్టు పోదు, పైగా పంటగా మారుతుంది.

కర్ర గుణం

ప్రోసోపిస్ జూలిఫ్లోరా అనే ఈ చెట్టు పుట్టిల్లు మధ్య అమెరికా, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. 1870ల చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖ మెట్ట ప్రాంతాల వంటచెరకు కోసం తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించింది. వందేళ్ళ తర్వాత, 1980ల్లో, దాదాపు అదే ఉద్దేశంతో కెన్యాలోని బరింగో ప్రాంతంలోనూ నాటారు. అక్కడి పశువుల కాపర్లు 2006లో ప్రభుత్వం మీద కోర్టుకెక్కారు. ఈ కాయల్లోని తీపికి పళ్ళు పుచ్చి ఊడిపోయిన మేకనొకదాన్ని సాక్ష్యంగా వెంట తెచ్చారు.

దీన్ని అందరూ పొయ్యిలోకీ బొగ్గుబట్టీలోకీ పనికొచ్చే కట్టెగానే చూస్తారు. వడ్రంగి చూపు వేరుగా ఉండాలి. ఎండిన చేవ, అంటే దుంగ లోపలి ముదురు గట్టి భాగం, ఘనమీటరుకు 800 నుంచి 900 కిలోలు తూగుతుంది. టేకు 650 దరిదాపుల్లో ఉంటుంది. బరువుకన్నా విలువైన గుణం ఇంకొకటుంది. ఈ జాతి కలప ఎండేటప్పుడు చాలా తక్కువ కుంచించుకుపోతుంది. దీని దగ్గరి చుట్టమైన అమెరికా మెస్కీట్ పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి, నడిమి నుంచి బెరడు వైపు 2.2 శాతం, వలయాల వెంబడి 2.6 శాతం మాత్రమే తగ్గుతుంది. టేకులో ఈ అంకెలు సుమారు 2.6, 5.3. రెండు దిక్కుల్లో కుంచింపు మధ్య తేడా ఎంత తక్కువైతే పలక అంత తక్కువ మెలి తిరుగుతుంది. అందుకే టెక్సస్‌లో మెస్కీట్‌తో ఇళ్ళ నేలలు పరుస్తారు. అర్జెంటీనాలోని చాకో ప్రాంతంలో ఇదే కుటుంబానికి చెందిన అల్గరోబో మీద పెద్ద ఫర్నిచర్ పరిశ్రమ నిలబడింది. ఒకప్పుడు బ్యూనస్ ఏర్స్ వీధులకు ఆ కర్ర దిమ్మెలనే పరిచారు.

ఇక ఇబ్బంది పెట్టే గుణాలు. చెట్టు మొదట్లోనే నాలుగైదు కాండాలుగా చీలుతుంది. మీటరు పొడవున తిన్నగా ఉండే దుంగ దొరకడమే గగనం. నార సుడులు తిరిగి ఉంటుంది, చిత్రిక పట్టేటప్పుడు చోటుచోటా లేస్తుంది. చేవ చుట్టూ ఉండే తెల్లటి లేత పసుపు భాగంలో పిండి పదార్థం ఎక్కువ, పుచ్చు పురుగుకు అది పండగ. పొట్టి, వంకర, సగం తెలుపు: వస్తువును ఈ మూడూ దృష్టిలో పెట్టుకుని ఎంచుకోవాలి. ఆరడుగుల మంచానికో తలుపుకో బొమ్మ గీసుకుని ఆ తర్వాత కలప వెతికితే, దొరికిన పది దుంగల్లో తొమ్మిది పొయ్యి పాలవుతాయి.

ఒక టన్ను పచ్చి కర్ర లెక్క

ఉపాధి సంగతి మాట్లాడేటప్పుడు టన్నుకెన్ని పనిగంటలన్నది చూడాలి. కింది అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, చోటును బట్టి మారతాయి, కానీ నిష్పత్తి అర్థమవుతుంది.

నరికిన కర్రలో తేమ, పూర్తిగా ఎండిన బరువు మీద లెక్కేస్తే, 45 శాతం ఉందనుకుందాం. వెయ్యి కిలోల పచ్చి కర్రలో అసలు కలప 690 కిలోలు. 12 శాతం తేమకు ఎండితే 770 కిలోలవుతుంది. వంకర దుంగల నుంచి కోతలో 30 శాతం పలకగా వస్తే మంచి రాబడే, అంటే 230 కిలోలు. చిత్రికలోనూ, పగుళ్ళూ కణుపులూ తీసేయడంలోనూ మళ్ళీ సగం పోతుంది. వస్తువుగా బయటికొచ్చేది 115 కిలోలు. ముప్పై సెంటీమీటర్ల పొడవు, ఇరవై వెడల్పు, రెండు మందం ఉన్న కూరగాయలు తరిగే పలక కిలో తూగుతుంది. అంటే సుమారు వంద పలకలు. ఒక్కోదానికి కోత, ఎండబెట్టడం, అతుకు, నున్న చేయడం, నూనె పూయడం అన్నీ కలిపి గంట పట్టిందనుకున్నా వంద పనిగంటలు.

అదే టన్ను మట్టి బట్టీకి పోతే? ఎండిన కర్ర బరువులో 15 నుంచి 20 శాతమే బొగ్గుగా దిగుతుంది. బట్టీ పేర్చి, కప్పి, కాపలా కాసి, దించడానికి పట్టే పనిగంటలు వందలో చిన్న భాగం. అదీ పొగలో, బూడిదలో. బొగ్గుకున్న బలం మాత్రం ఒప్పుకోవాలి. దానికి ఏరే పని లేదు. వంకరైనా సన్నమైనా పుచ్చినా బట్టీలోకి పోతుంది, వారం పది రోజుల్లో డబ్బు చేతికొస్తుంది. వస్తువుల దారిలో డబ్బు కళ్ళజూడటానికి నాలుగైదు నెలలు పడుతుంది. పేదవాడు బొగ్గును ఎంచుకోవడం తెలివితక్కువతనం కాదు, అతనికి ఆగే ఓపిక కొనిపెట్టిన వాళ్ళు లేకపోవడం. పథకం పెట్టేవాళ్ళు మొదట సమకూర్చాల్సింది ఆ నాలుగైదు నెలల పెట్టుబడే.

పైగా బొగ్గు పూర్తిగా పోటీదారు కాదు. టన్నులో 115 కిలోలే వస్తువైతే, మిగిలిన కొమ్మలూ పట్టెలూ ముక్కలూ బొగ్గుకో వంటచెరకుకో పోవాల్సిందే. ఏరిన తర్వాత మిగిలింది బట్టీకి వెళ్ళాలన్నదే నియమం.

నరికిన రోజే జరగాల్సినవి

పనిలోకి దిగే ముందు ఏ చెట్టు నరకాలో అందరికీ చూపించాలి. అదే కుటుంబానికి చెందిన జమ్మి కూడా పక్కనే ఉంటుంది. జమ్మికి ముళ్ళు చిన్నవి, శంకువులా ఉండి కణుపుల మధ్య చెదురుగా మొలుస్తాయి. బెరడు బూడిద రంగులో లోతుగా నెర్రెలిచ్చి ఉంటుంది. సర్కారు తుమ్మకు కణుపు దగ్గర జంటగా పొడవాటి తిన్నని ముళ్ళుంటాయి. నల్ల తుమ్మను పూత, కాయల బట్టి పోల్చవచ్చు: దానికి గుండ్రటి పసుపు పూలు, పూసలదండ లాంటి కాయలు. సర్కారు తుమ్మకు వేలాడే లేత పసుపు కంకులు. వదిలేయాల్సిన చెట్లకు ముందే రంగు పట్టీ వేయడం మంచిది. చీకటి పడే వేళ తొందరలో నరికేవాళ్ళు ఆకు చూడరు.

కాయలు పండి రాలే కాలంలో దుంగలు తరలించకూడదు. లారీ అడుగున పడ్డ కాయలతో విత్తనం కొత్త ఊరు చేరుతుంది. తప్పదనుకుంటే ముందు కాయలు ఏరించాలి. వాటిని బాగా ఎండబెట్టి సుత్తి మిల్లులో విత్తనం సహా పిండి చేస్తే పశువుల దాణాలో కలపడానికి పనికొస్తుంది. అరకొరగా ఎండిన కాయలోని తీపి గుజ్జు జల్లెడకు బంకలా అంటుకుని మిల్లు ఆగిపోతుంది. కాయను పిండి చేయకుండా అలాగే మేపితే పేడలో విత్తనం చెక్కుచెదరకుండా బయటికొచ్చి మొలుస్తుంది.

ముల్లు దిగితే వాచి చీము పడుతుంది, కంట్లో పడితే చూపే పోతుంది. తోలు చేతి తొడుగులు, దళసరి అడుగున్న బూట్లు, కళ్ళద్దాలు కూలీల సొంత ఖర్చు కాకూడదు. రంపం మిషను పట్టేవాడికి వీటితో పాటు కాళ్ళకు కోత తగలని ప్యాంటు, చెవి తొడుగులు కూడా ఉండాలి.

దుంగను అక్కడికక్కడే 60, 90, 120 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి నాలుగు కుప్పలుగా ఏరాలి. అయిదు సెంటీమీటర్ల కన్నా సన్నవి బొగ్గుకు. అయిదు నుంచి పది వరకున్నవి తరిణె (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) పనికి, పిడులకు, కొయ్య మేకులకు. పది నుంచి ఇరవై వరకున్నవి పలకలకు. ఆపైవి అరుదు, వాటిని పీట పైభాగాలకోసం విడిగా దాచాలి. ఏరే మనిషికి చదువు అక్కర్లేదు, చెయ్యి తిరిగిన కన్నుండాలి. మొత్తం వరసలో అందరికన్నా ఎక్కువ కూలి ఇవ్వాల్సింది అతనికేనంటాను. అతను పారేసిన మంచి దుంగ మళ్ళీ రాదు, అతను ఒప్పుకున్న చెడ్డ దుంగ మీద ఆరుగురు పని పాడు చేసుకుంటారు.

ముక్క కోసిన పూటే రెండు కొసలకూ మైనమో పాత పెయింటో తారో దట్టంగా పూయాలి. కొసల నుంచి తేమ మిగతా ఒంటికన్నా ఎన్నోరెట్లు వేగంగా పోతుంది. ఒక్కరోజు ఎండలో వదిలినా కొసలో పడ్డ నెర్రె తర్వాత లోపలికి పాకుతుంది. బెరడు రెండు మూడు వారాల్లోపు తీసెయ్యాలి. పచ్చి దుంగకు పట్టే చాలా పురుగులు గుడ్లు పెట్టేది బెరడు కిందే. ఇంకో లాభం కూడా ఉంది. బెరడు నెర్రెల్లో ఇరుక్కున్న ఇసుక కోత మిషను బ్లేడును గంటలో మొండిచేస్తుంది. బ్లేడు నాణ్యత బాగోలేదని దుకాణంతో తగువుపడేవాళ్ళు ముందు బెరడు చూసుకోవాలి.

కోత, మందు, ఎండ

పొట్టి దుంగలకు పెద్ద సామిల్లు నప్పదు, దాని బండి మీద ఇవి నిలవవు. చిన్న నిలువు బ్యాండ్ రంపానికి జారే పలక బిగించి, దుంగను దానికి మర మేకులతో పట్టించి తోస్తే చాలు. అయిదు నుంచి ఏడున్నర గుర్రపు శక్తి మోటారు సరిపోతుంది. గుండ్రటి దుంగను ఆధారం లేకుండా చేత్తో గుండ్రం రంపానికి పెట్టడం మాత్రం నిషేధించాలి. దుంగ దొర్లి చెయ్యి లోపలికి లాక్కుపోతుంది.

దుంగ నడిమి బెండు పలకలో ఉండకూడదు. ఉంటే అక్కడే పగులుతుంది. నడిమి నుంచి ఒక సన్నటి బద్ద తీసి పారేసి, అటూ ఇటూ పలకలు తియ్యాలి. 20 మిల్లీమీటర్ల వస్తువు కావాలంటే 25కి కొయ్యాలి. ఎండటంలో ఒకటి పోతుంది, చిత్రికలో నాలుగు పోతాయి.

ఇప్పుడు పుచ్చు సంగతి. మొత్తం చేవతోనే చేస్తామంటే సన్న దుంగల్లో సగం కలప పోతుంది. తెల్ల భాగాన్ని కూడా వాడుకోవాలంటే బోరాన్ మందు చవకైన, నమ్మదగిన దారి. వంద లీటర్ల వేడి నీళ్ళలో మూడు కిలోల బోరాక్స్, రెండు కిలోల బోరిక్ యాసిడ్ కరిగిస్తే అయిదు శాతం ద్రావణం. పచ్చి పలకల్ని అందులో ముంచి తీసి, బద్దలు పెట్టకుండా ఒకదాని మీదొకటి ఒత్తుగా పేర్చి, పాలిథీన్ షీటుతో గాలి చొరకుండా కప్పి మూడు నాలుగు వారాలు వదలాలి. కలపలోని నీళ్ళ దారినే మందు లోపలికి నడుస్తుంది. సగం ఎండిన పలకను ముంచితే మందు పైపొర దాటదు. ముంచాం కదా, అయినా పుచ్చిందేమిటన్న ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే కారణం. దీన్ని ఎండలో త్వరగా ఆరబెట్టేద్దామని షీటు తీసేసినా అంతే.

బోరాన్ నీళ్ళకు కొట్టుకుపోతుంది కనుక వానకు తడిసే వస్తువులకు పనికిరాదు. తిండికి తగిలే వస్తువులకు అసలే వాడకూడదు. తరిగే పలకలు, గరిటెలు, గిన్నెలు మందు తగలని చేవతోనే చెయ్యాలి. రెండు రకాలూ ఒకే షెడ్డులో ఉంటాయి కనుక మందు పెట్టిన పలకల కొసలకు ఎర్ర రంగు కొట్టడం లాంటి గుర్తు ఉండాల్సిందే. నోటిమాట మీద నడిపితే ఏదో ఒకరోజు కలిసిపోతాయి.

తర్వాత దొంతి. నేల నుంచి కనీసం అడుగున్నర ఎత్తున దిమ్మెలు, వాటి మీద పలకల వరస, వరసకూ వరసకూ మధ్య ఒకే మందం గల 20 మిల్లీమీటర్ల ఎండు బద్దలు. 90 సెంటీమీటర్ల పలకకు మూడు బద్దలు: రెండు కొసల దగ్గర, ఒకటి నడుమ. కింది నుంచి పై దాకా బద్దలన్నీ ఒకే నిలువు గీత మీద ఉండాలి. పక్కకు జరిగితే ఆ బరువుకు పలకలు వంగి అలాగే ఎండిపోతాయి, ఆ వంపు మళ్ళీ పోదు. పైన రేకు కప్పు, దాని మీద రాళ్ళు. పక్కల నుంచి గాలి ఆడాలి, ఎండ మాత్రం నేరుగా పడకూడదు. వేడిగా పొడిగా ఉండే చోట 25 మిల్లీమీటర్ల పలక మూడు నాలుగు నెలల్లో దారికొస్తుంది, వానాకాలం అడ్డొస్తే ఇంకా ఆలస్యం. పాలిథీన్ కప్పి ఒక ఫ్యాను పెట్టిన సోలార్ గది కడితే ఈ గడువు చాలా తగ్గుతుంది. ఈ కలప తక్కువ కుంచించుకుంటుంది కాబట్టి కొంత తొందరను తట్టుకుంటుంది కూడా.

ఎండిందో లేదో చేత్తో తట్టి చెప్పేవాళ్ళను నమ్మొద్దు. దొంతి నడుమ నుంచి ఒక పలక లాగి, కొస నుంచి జానెడు లోపల చిన్న ముక్క కోసి తూచాలి. దాన్ని 103 డిగ్రీల వేడిలో ఒక రోజంతా ఉంచి మళ్ళీ తూచాలి. పోయిన బరువును ఎండు బరువుతో భాగించి వందతో గుణిస్తే తేమ శాతం. ముందు 200 గ్రాములుండి తర్వాత 138 అయితే, పోయింది 62, తేమ 45 శాతం. ఇదే ముక్క 155 గ్రాములకు వస్తే 12 శాతం అన్నమాట. తేమ కొలిచే మీటరు కొన్నా నెలకోసారి ఈ పద్ధతిలో సరిచూసుకోవాలి. బరువైన కలప మీద సూదుల మీటర్లు తప్పు చూపించడం మామూలే.

ఎంతకు ఎండాలన్నది వస్తువు వెళ్ళే గదిని బట్టి ఉంటుంది. గాలిలో తేమ 65 శాతం ఉన్న ఇంట్లో కలప 12 దగ్గర స్థిరపడుతుంది. ఏసీ గదిలో 50 శాతం ఉంటే 9కి దిగుతుంది. పల్లెలో 13 శాతం దగ్గర చేసిన బల్ల ఆఫీసు గదికి చేరాక ఆ నాలుగు శాతాన్ని అక్కడ వదిలేస్తుంది, కీళ్ళలో.

ఈ యార్డులో పనిచేసేవాళ్ళను ఉత్తి కూలీలుగా లెక్కేస్తారు. బెరడు తీయడం, ముంచడం, పేర్చడం, తూచి పుస్తకంలో రాయడం, దొంతులు తిప్పడం అన్నీ ఏడాది పొడుగునా నడిచే, ఇంటి దగ్గర నుంచి వచ్చి పోగలిగే, పెద్ద యంత్రం అక్కర్లేని పనులు. బయటి ఊళ్ళకు వలసపోలేని ఆడవాళ్ళకు ఇంతకన్నా నిలకడైన పని ఈ వరసలో ఇంకోటి లేదు. అందుకే మొదటి రూపాయి షెడ్డు మీదా దొంతుల మీదా పెట్టాలి. చిత్రిక మిషనూ తరిణెలూ నాలుగో నెలలో వచ్చినా నష్టం లేదు.

ఏం చెయ్యాలి

నా ఓటు గదుల్లో పరిచే చిన్న చెక్క పట్టీలకు. 250 మిల్లీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 12 మందం. వంకర దుంగల్లోంచి తేలిగ్గా వస్తాయి. నేలకు కావాల్సిన గట్టిదనమూ కదలని గుణమూ ఈ కర్రలో పుట్టుకతోనే ఉన్నాయి. ఇబ్బంది కొలతలో ఉంది. పట్టీకీ పట్టీకీ మందంలో 0.2 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే పరిచాక కాలికి తగులుతుంది. మంచి చిత్రిక మిషను, వారం వారం బ్లేడు మార్పు, ప్రతి పదో పట్టీ మందాన్ని కాలిపర్ అనే కొలత పరికరంతో కొలిచే అలవాటు లేకపోతే ఈ జోలికి పోకూడదు.

రెండోది బడి బల్లలు. దక్షిణాఫ్రికా 1995లో మొదలుపెట్టిన వర్కింగ్ ఫర్ వాటర్ కార్యక్రమం నీటి వనరుల్ని పీల్చేస్తున్న బయటి జాతి చెట్లను తొలగించడానికి పెద్ద ఎత్తున గ్రామీణుల్ని పనిలో పెట్టుకుంది. ఆ కలపతో తర్వాత బడి బల్లలు చేయించారు, శవపేటికలు కూడా చేయించారు. ఎంపికలో లౌక్యం ఉంది: రెండూ ఒకే నమూనాలో వందలకొద్దీ కావాలి, రెండింటికీ గిరాకీ ఆగదు. చిన్న చిన్న ముక్కల కొసల్ని వేళ్ళలా కోసి, ఒకదానిలో ఒకటి దూర్చి అతికి పొడవు చేస్తే బల్లపై చెక్క ఈ తుమ్మతోనూ వస్తుంది.

సంతల్లో పెట్టే కీ చైన్లు, బొమ్మలు, పెన్ను స్టాండ్లు అందరూ మొదట చేసేవి, మొదట ఆగిపోయేవి కూడా. చెయ్యి తిరగడానికి పనికొస్తాయి, కడుపు నింపవు. పారకీ గొడ్డలికీ పిడులు చెయ్యాలంటే నార తిన్నగా సాగిన ముక్కను మాత్రమే ఎంచాలి. సుడి తిరిగిన పిడి దెబ్బకు అడ్డంగా విరుగుతుంది.

బిగింపుల్లో మూడు జాగ్రత్తలు. ఈ కర్రలో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ, ఇనుప మేకు తేమతో కలిస్తే నల్లటి మచ్చ దిగుతుంది. ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ మరలు వాడి, ముందు రంధ్రం వెయ్యాలి. జిగురు పూసే రోజునే అతుకు ముఖాన్ని చిత్రిక పట్టాలి. వారం ముందు నున్న చేసి పెట్టిన ముఖం జిగురు పీల్చదు. అవిసె నూనె పూసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, షెడ్లు తగలబడేది ఇలాగే. పరిచి ఆరేయాలి, లేదా నీళ్ళ బకెట్లో వెయ్యాలి. ఇక రంపపు పొట్టు ముక్కులోకి పోవడం చిన్న విషయం కాదు. గట్టి కలప దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. తుమ్ముల దగ్గరే ఆగుతుందనుకోకుండా, దుమ్ము పీల్చే గొట్టం ప్రతి మిషనుకూ పెట్టాలి.

కలప లేని బయటి జాతి మొక్కలకూ ఇదే తర్కం నడుస్తుంది. లాంటానా అనే పొద మొక్క కాడల్ని పచ్చిగా ఉడకబెట్టి, వేడి మీదే తోలు ఒలిచి, మెత్తగా ఉండగానే వంచి ఫర్నిచర్ చేయడం కర్ణాటకలోని మలే మహదేశ్వర కొండల్లో సోలిగ ఆదివాసులు నేర్చి, జీవనాధారం చేసుకున్నారు. నీలగిరుల్లోని ఆదివాసులు అవే కాడలతో నిలువెత్తు ఏనుగులు అల్లారు. ఆ మంద 2021లో లండన్ పార్కుల్లో నిలబడింది. కిలో ముడిసరుకు మీద ఇన్ని పనిగంటలు పట్టే వస్తువు ఇంకోటి దొరకడం కష్టం. అక్కడా నైపుణ్యమంతా ఉడకబెట్టి ఒలిచే దగ్గరే మొదలవుతుంది. చల్లారిన కాడ వంచితే విరుగుతుంది.

కూలి దేనికి ఇవ్వాలి

ఇప్పుడు చిక్కుముడి. ఒక చెట్టు మీద నలుగురు బతకడం మొదలెట్టాక ఆ చెట్టు పోవాలని వాళ్ళెందుకు కోరుకుంటారు? తమిళనాడులోని రామనాథపురం వైపు ఈ చెట్టును కొన్నేళ్ళకోసారి నరికి బొగ్గు కాల్చడం ఒక సేద్యంలా సాగుతోంది. అక్కడ చెట్టు తగ్గలేదు, తగ్గాల్సిన అవసరమూ ఆ బట్టీలకు లేదు. చెట్టును వాడుకుంటే అదే తగ్గిపోతుందన్న మాటకు ఇంతకన్నా ఎదురు సాక్ష్యం అక్కర్లేదు.

కూలి బరువు మీద ఇస్తే జరిగేది ఊహించవచ్చు. లావు కాండాలు కోసుకుని, ముళ్ళ పొదలూ మోళ్ళూ వదిలేస్తారు. నేల పైన కోసిన మోడు నుంచి పదేసి పిలకలు లేస్తాయి. ఒక కాండం ఉన్న చోట రెండేళ్ళకు పశువు కూడా దూరలేని కంప తయారవుతుంది. మళ్ళీ మొలిచే మొగ్గలు మొదట్లో, మట్టి గీతకు కాస్త కింద ఉంటాయి. చుట్టూ తవ్వి మట్టి కింద జానెడుకు పైగా లోతున వేరును తెగగొడితేనే ఆ చెట్టు చచ్చినట్టు. ఈ తవ్వకంలో అమ్ముకోదగ్గ కలప ఏమీ రాదు. కలప డబ్బుతో దీనికి కూలి ఇవ్వమంటే ఏ సహకార సంఘమూ ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా.

దక్షిణాఫ్రికా నమూనాలో పాఠం ఇక్కడుంది. అక్కడ నరికినవాళ్ళకు కూలి ప్రభుత్వ ఖజానా నుంచి, నీళ్ళు మిగులుతాయన్న లెక్క మీద వచ్చింది. కలప దాని వెనకాల దొరికిన ఫలం. రెండు ఖాతాలూ వేరుగా ఉండాలి: నేల బాగుచేసినందుకు ఒకటి, వస్తువు చేసినందుకు ఒకటి. నేల ఖాతా పంచాయతీదో, అటవీశాఖదో, పొలం బాగుపడే రైతుదో కావచ్చు. వస్తువుల షెడ్డు ఆ నేల నుంచి వచ్చిన దుంగను మామూలు ధరకు కొంటుంది, అంతే.

నేల ఖాతా కూలిని మూడు విడతలుగా, విస్తీర్ణాన్ని కొలిచి ఇవ్వాలి. చెట్టు కొట్టి కంప తీశాక మొదటిది, 40 శాతం. వేరు మొదళ్ళు తవ్వి, గుంటలు పూడ్చి, మచ్చుకు కొన్ని చోట్ల తవ్వి చూశాక రెండోది, మరో 40. ఒక వానాకాలం గడిచి, మొలిచిన పిల్లమొక్కల్ని నేల తడిగా ఉండగా చేత్తో పీకేశాక చివరి 20. మొదటి ఏడాది తర్వాత కూడా పీకుడు కూలి ఆగకూడదు, మట్టిలోని విత్తనం ఏళ్ళ తరబడి మొలుస్తూనే ఉంటుంది. ఖాళీ చేసిన నేలలో అదే వానకు గడ్డి విత్తనం చల్లకపోయినా, స్థానిక చెట్లు నాటకపోయినా ఆ చోటును ముందు ఆక్రమించేది మళ్ళీ సర్కారు తుమ్మే. ఆ చుట్టుపక్కల పొయ్యిలోకి ఇదే కట్టె మీద ఆధారపడ్డ ఇళ్ళకు ఏరగా మిగిలిన కట్టెలో వాటా ముందే రాసివ్వాలి. లేకపోతే తొలగింపు వాళ్ళకు శిక్షగా మారుతుంది, వాళ్ళే రాత్రిపూట మొదళ్ళు కాపాడుకుంటారు.

చుట్టుపక్కల దుంగ అయిపోతే షెడ్డు ఏమవుతుందని అడగొచ్చు. బ్యాండ్ రంపానికీ దొంతికీ మందు తొట్టికీ చెట్టు కులం అక్కర్లేదు. పొలం గట్ల మీది వేప, కాపు తగ్గిన మామిడి, సుబాబుల్, తుఫానుకు పడ్డ చెట్లు ఇవన్నీ ఈ వరసలోనే నడుస్తాయి. కుంచింపు లెక్కలూ ఎండే గడువులూ మాత్రం మారతాయి. మామిడి పచ్చిగా ఉంటే రోజుల్లోనే నీలిమచ్చ పడుతుంది, వేపకు మెలి ఎక్కువ. అందుకని మొదటి ఏడాది నుంచే ఏటా ఒక దొంతి వేరే కలపది పేర్చి, దాని తూకాల పుస్తకం విడిగా రాయించడం షెడ్డు నడిపేవాళ్ళు చేసుకోవాల్సిన పని.